టేపులలో దాగిన పలుకులు
(సోలాపూర్ తెలుగు మాధ్యమ పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదు సంవత్సరాలు నిండిన పాఠశాలకు ఉత్సవం చేయడమంటే గడచిన కాలాన్ని ఒకసారి తిరిగి చూసుకొనడమే. అందుకై పాత ఛాయాచిత్రాలను వెతికి తెచ్చి గోడలకు అలంకరించడం ఆచారం. ఆ చిత్రాలలో ముఖాలు కనిపిస్తాయి, దుస్తులు కనిపిస్తాయి, పాఠశాల ఆవరణలోని చెట్లు కనిపిస్తాయి. కాని అవి మాట్లాడవు. మాట్లాడే జ్ఞాపకాలు మరొక చోట ఉన్నాయి. సోలాపూర్‌లోని అనేక తెలుగు ఇళ్లలో, అటకమీద, పాత ట్రంకు పెట్టెలో, బీరువా అడుగు అరలో నల్లని వీడియో క్యాసెట్లు కొన్ని పడి ఉన్నాయి. వాటిని కంప్యూటరులోనికి, డి.వి.డి. పళ్లెములలోనికి ఎక్కించుకొనడం ఎట్లా అన్నదే నేటి ప్రసంగ విషయం.

ఇది సాంకేతిక విషయమనీ, కంప్యూటరు నేర్చిన యువకులకు అప్పగించి ఊరుకోవచ్చుననీ చాలామంది తలుస్తారు. నిజానికి ఇందులో యంత్రం చేసే పని సగమే. తక్కిన సగం ఇంటి పెద్దలు చేయవలసినది. టేపులోని బొమ్మను యంత్రం దించగలదు. ఆ బొమ్మలోని మనిషి ఎవరో యంత్రం చెప్పలేదు. టేపుకు ఆయువున్నట్లే చెప్పగల పెద్దలకూ ఆయువున్నది. కనుక ఈ పని రెండు వైపుల నుండి గడువు పెట్టబడిన పని.

ఈ నగరంలో తెలుగువారి కథ సభలోని పెద్దలకు కొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో ఇక్కడ బట్టల మిల్లులు వెలిసిన నాటి నుండి తెలంగాణ పల్లెలను విడిచి పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా వచ్చి స్థిరపడ్డాయి. మగ్గం నేసినవారు, మిల్లులో పనిచేసినవారు, ఇంటి వద్ద బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లులు ఈ పాఠశాలకు పునాదులు. సోలాపూర్ దుప్పట్లకు, తువాళ్లకు భౌగోళిక గుర్తింపు లభించింది. వాటిని నేసిన చేతుల వెనుక నున్న మాటకు అటువంటి ముద్ర ఏదీ లేదు. బజారులో మరాఠీ, కచేరిలో మరాఠీ, ఇంటిలో తెలుగు అన్న పద్ధతి మూడు నాలుగు తరాలు సాగింది. ఆ తెలుగు పుస్తకాల తెలుగు కాదు. తెలంగాణ యాసకు మరాఠీ పలుకుబడి చేరి, ఇక్కడి గల్లీలలోనే పెరిగిన తెలుగు. దానిని వ్రాసిపెట్టినవారు తక్కువ. తెలియకుండానే రికార్డు చేసిపెట్టినవారు మాత్రం ఉన్నారు. వారే ఇంటిలో వీడియో కెమెరా పట్టుకొని వేడుకలు తీసినవారు.

ఆ కెమెరా ఇళ్లకు వచ్చిన కాలాన్ని ఒకసారి స్మరించుకొందాము. జపానులో 1975లో బీటామాక్స్, 1976లో వి.హెచ్.ఎస్. పద్ధతి క్యాసెట్లు వెలువడ్డాయి. చిన్న కెమెరాలలో ఇమిడే వి.హెచ్.ఎస్.–సి క్యాసెట్టు 1982లోను, 8 మిల్లీమీటర్ల వీడియో టేపు 1985లోను వచ్చాయి. 1989లో హై–8 అనే మెరుగైన రకము, 1995లో డి.వి. అనే అంకాత్మక పద్ధతి వెలువడ్డాయి. భారతదేశంలో 1982లో దూరదర్శన్ రంగుల ప్రసారాలు ఆరంభమైన పిమ్మట వి.సి.ఆర్. యంత్రాలు మధ్యతరగతి ఇళ్లలో కనిపించసాగాయి. అద్దెకు వి.సి.పి. తెచ్చి రాత్రంతా సినిమాలు చూచిన దినాలు చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఆ దశాబ్ది చివర, ఆ తరువాతి దశాబ్దిలో, విదేశాల నుండి వచ్చిన బంధువుల చేతిలోనో, పెళ్లికి కుదుర్చుకొన్న ఫోటోగ్రాఫరు భుజం మీదనో వీడియో కెమెరా ఈ ఇళ్లలోనికి అడుగుపెట్టింది.

ఇక్కడ ఒక తేడాను గమనించవలసి ఉన్నది. పెళ్లికి డబ్బిచ్చి తీయించిన క్యాసెట్లు అందంగా ఉంటాయి. పూలలో నుండి వధూవరుల ముఖాలు తేలివస్తాయి, తెర ముక్కలై తిరుగుతుంది. కాని చాలా పెళ్లి క్యాసెట్లలో అసలు శబ్దం తీసివేసి సినిమా పాటలు పెట్టారు. పురోహితుని మంత్రం లేదు, వియ్యపురాళ్ల పరిహాసం లేదు, అప్పగింతల నాటి తల్లి మాట లేదు. అదే ఇంటివారు చేతి కెమెరాతో తీసినది చూడండి. బొమ్మ ఊగుతుంది, వెలుగు చాలదు, ఎవరి వీపో అడ్డం వస్తుంది. అయినా అందులో మాటలన్నీ ఉన్నాయి. "ఇటు చూడవే" అని పిలిచే మేనత్త, "నన్నెందుకు తీస్తవు బిడ్డా" అని కొంగు అడ్డం పెట్టుకొనే అవ్వ, వంట దగ్గర ఉప్పు తగ్గిందని అరిచే మామ అందులో ఉన్నారు. తీసినవారు పనికిరానివని తలచిన ఆ టేపులే ఇప్పుడు వెలలేనివి.

బతుకమ్మ పండుగను తలచుకొనండి. పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది దినాలు తంగేడు, గునుగు పూల చుట్టూ తిరిగి పాడిన పాటలు ఇంటింటికీ కొంచెం మారుతాయి. ఏ ఊరి నుండి వచ్చిన కుటుంబము ఏ వరుసలో పాడేదో విని తెలిసికొనవలసినదే. శ్రావణ పూర్ణిమకు జరిగే మార్కండేయ రథోత్సవం నాడు వీధులలో వినిపించిన మాటలు, మగ్గం దగ్గర తాత చెప్పిన కండె, నాడె, అచ్చు, పడుగు, పేక అన్న పదాలు నిఘంటువులో దొరకవచ్చును. ఆ పదాలను ఆయన పలికిన తీరు మాత్రం నిఘంటువులో దొరకదు. 1990 ప్రాంతంలో డెబ్బది ఏండ్ల వయసున్న అవ్వ 1920 ప్రాంతంలో పుట్టినది. ఆమె గొంతు వినడానికి ఒక ఇంటిలో ఒకే ఒక టేపు మిగిలి ఉండవచ్చు.

ఇప్పుడు ఆ టేపు ఎటువంటి వస్తువో చూద్దాము. పాలియెస్టరు పట్టీ మీద అయస్కాంత గుణం గల పొడిని జిగురుతో అతికించినదే వీడియో టేపు. వి.హెచ్.ఎస్. టేపు వెడల్పు 12.7 మిల్లీమీటర్లు. మూడు గంటల క్యాసెట్టులో 250 మీటర్లకు పైగా పట్టీ చుట్టబడి ఉంటుంది. బొమ్మ, శబ్దం రెండూ ఆ పొడి రేణువుల అయస్కాంత స్థితిలోనే ఉన్నాయి. కాలం గడచిన కొద్దీ ఆ అయస్కాంత గుర్తులు బలహీనపడవచ్చు. అంతకంటె పెద్ద ప్రమాదం జిగురుకు వస్తుంది. అది గాలిలోని తేమను పీల్చి మెత్తబడుతుంది, పొడి రాలుతుంది, పట్టీ యంత్రానికి అంటుకొంటుంది. ఆడించిన ప్రతిసారీ కొంత అరుగుదల తప్పదు.

సోలాపూర్ వంటి చోట వీటికి శత్రువులు మరికొన్ని ఉన్నాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండకు రేకుల కప్పు కింది అటక పొయ్యివలె కాగుతుంది. ఆ వేడికి పట్టీ వంకరపోతుంది. మగ్గాలున్న ఇంటిలో దూది నూగు ఎగిరి క్యాసెట్టు లోపలికి చేరుతుంది. వానాకాలంలో గోడ చెమ్మ తగిలితే పట్టీ చుట్ట మీద తెల్లని బూజు పడుతుంది. కనుక టేపులను అటక మీది నుండి దించి, చెమ్మ లేని చల్లని గదిలో, పుస్తకాలవలె నిలువుగా నిలబెట్టి ఉంచడం ఈ రాత్రే చేయదగిన మొదటి పని. స్పీకర్లు, మోటార్లు, అయస్కాంతాలు ఉన్న చోటికి వాటిని దూరంగా ఉంచాలి.

టేపు బాగున్నా, దానిని చదివే యంత్రం దొరకని రోజు వచ్చింది. సోనీ సంస్థ 2016 మార్చిలో బీటామాక్స్ క్యాసెట్ల తయారీని నిలిపివేసింది. అదే సంవత్సరం జూలైలో జపానుకు చెందిన ఫునాయ్ సంస్థ వి.సి.ఆర్.ల తయారీని ఆపివేసింది. ఇప్పుడున్నవన్నీ పాత యంత్రాలే. వాటి రబ్బరు పట్టీలు సాగిపోతున్నాయి, తలలు అరిగిపోతున్నాయి, మరమ్మతు తెలిసిన మెకానిక్కులు వృద్ధులవుతున్నారు. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారం 2015లోనే 2025ను గడువుగా చూపి, అప్పటికి నకలు చేయని టేపులు చాలావరకు చేజారిపోతాయని హెచ్చరించింది. 2019లో యునెస్కో, అంతర్జాతీయ శబ్ద, దృశ్య భాండాగారాల సంఘం కలిసి ప్రపంచమంతటికీ అటువంటి హెచ్చరికనే చేశాయి. ఆ సంవత్సరం ఇక రాబోయే సంవత్సరం కాదు.

మనుషుల చేతిలో జరిగే నష్టము మరొకటి. క్యాసెట్టు ఖరీదైన ఆ కాలంలో పాత టేపు మీదనే కొత్తది ఎక్కించడం ఇళ్లలో మామూలు. పుట్టినరోజు మీద ధారావాహిక, ఉపనయనం మీద క్రికెట్ ఆట ఎక్కిన ఇళ్లు ఎన్నో. ఇది చదువురానివారు మాత్రమే చేసిన పొరపాటు కాదు. 1969లో మానవుడు చంద్రుని మీద అడుగుపెట్టినప్పటి మూల టేపులు ఎంత వెతికినా దొరకలేదనీ, టేపుల కొరత వలన వాటిని చెరిపి తిరిగి వాడి ఉంటారనీ అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2009లో వెల్లడించింది. టెలివిజన్ సంస్థల వద్ద మిగిలిన ప్రతుల ఆధారంగానే ఆ దృశ్యాలను బాగు చేసికొనవలసి వచ్చింది. ఒక ప్రతి పోయినా మరొక ప్రతి మరొక చోట ఉండడమే వారిని కాపాడింది.

ఇక చేయవలసిన పని క్రమం. ముందుగా ఇంటిలోని టేపులన్నిటిని ఒక చోట చేర్చి, ఒక నోటు పుస్తకంలో వరుస సంఖ్యలు వేసి పట్టిక వ్రాయాలి. టేపు రకము, మీది చీటీ మీద ఉన్న మాటలు, తేదీ ఉంటే తేదీ వ్రాస్తే చాలు. చీటీ చింపరాదు. వెడల్పాటి పెద్ద క్యాసెట్టు వి.హెచ్.ఎస్. అగ్గిపెట్టెకు కొంచెం పెద్దదిగా ఉండేది మినీ డి.వి. ఈ రెంటి నడుమ పరిమాణంలో ఉండేవి వి.హెచ్.ఎస్.–సి, 8 మిల్లీమీటర్ల రకాలు. వీటిని చూచి భ్రమపడరాదు. వి.హెచ్.ఎస్.–సి క్యాసెట్టును ఒక తొడుగులో పెట్టి మామూలు వి.సి.ఆర్.లో ఆడించవచ్చు. 8 మిల్లీమీటర్ల టేపుకు అటువంటి తొడుగు లేదు. దానికి తగిన కెమెరాయే కావాలి. కనుక పాత కెమెరాను, దాని ఛార్జరును పాత సామానువానికి వేయకుండా అట్టిపెట్టుకొనాలి.

రెండవది పరీక్ష. క్యాసెట్టు కిటికీలో నుండి చూచినప్పుడు పట్టీ చుట్ట అంచున తెల్లని మచ్చలు కనిపిస్తే అది బూజు. అటువంటి టేపును యంత్రంలో పెట్టనే కూడదు. ఆ బూజు యంత్రానికి అంటి, తరువాత పెట్టిన ప్రతి టేపుకూ పాకుతుంది. దానిని వేరొక సంచిలో పెట్టి, శుభ్రపరచడం తెలిసినవారికి అప్పగించాలి. బాగున్న వి.హెచ్.ఎస్. క్యాసెట్టుకు వెనుక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్లను విరిచివేస్తే దాని మీద పొరపాటున మరొకటి రికార్డు కాదు. 8 మిల్లీమీటర్ల టేపులకు, మినీ డి.వి. టేపులకు ఇందుకోసం జరిపే మీట ఉంటుంది. ఏండ్ల తరబడి కదలని టేపును ఆడించే ముందు చివరివరకు ఒకసారి ముందుకు, ఒకసారి వెనుకకు తిప్పాలి. యంత్రం బాగున్నదో లేదో చూడడానికి ముందుగా పాత సినిమా క్యాసెట్టును పెట్టి చూడాలి గాని అవ్వ గొంతున్న టేపును కాదు.

మూడవది ఎక్కించడం. వి.హెచ్.ఎస్., 8 మిల్లీమీటర్ల, హై–8 టేపులలోని సంకేతం అంకెల రూపంలో ఉండదు. వి.సి.ఆర్. నుండి గాని కెమెరా నుండి గాని పసుపు తీగ ద్వారా బొమ్మ, తెలుపు, ఎరుపు తీగల ద్వారా శబ్దం బయటికి వస్తాయి. వాటిని యు.ఎస్.బి. ద్వారా కంప్యూటరుకు తగిలించే చిన్న క్యాప్చర్ పరికరానికి కలిపితే, అది సంకేతాన్ని అంకెలుగా మార్చి ఫైలుగా భద్రపరుస్తుంది. ఇందులో తొందరకు తావు లేదు. మూడు గంటల టేపుకు మూడు గంటలు పడుతుంది. పది టేపులంటే కొన్ని ఆదివారాల పని. భారతదేశంలో తీసిన టేపులు పాల్ పద్ధతివి. అనగా సెకనుకు 25 చిత్రాలు, 625 గీతలు. అమెరికాలోని బంధువులు పంపినవి ఎన్.టి.ఎస్.సి. పద్ధతివై ఉండవచ్చు. పద్ధతిని సరిగా ఎంచుకొనకపోతే రంగు పోవడమో, బొమ్మ దొర్లడమో జరుగుతుంది. అది చూచి టేపు చెడిపోయిందని పారవేయరాదు.

మినీ డి.వి. టేపులో సంకేతం ముందే అంకెల రూపంలో ఉంటుంది. దానిని ఫైర్‌వైర్ అనే తీగ ద్వారా ఉన్నది ఉన్నట్లుగా కంప్యూటరుకు నకలు చేయవచ్చు. ఒక గంట టేపుకు సుమారు 13 జి.బి. స్థలం కావాలి. నేటి కంప్యూటర్లలో ఆ తీగకు రంధ్రం సాధారణంగా ఉండదు. అందుచేత పాత కంప్యూటరు కలిగిన పూర్వ విద్యార్థి ఎవరైనా ఉంటే వారి సాయం పొందడం మేలు. 1999లో వచ్చిన డిజిటల్–8 కెమెరాలలో చాలావాటికి పాత 8 మిల్లీమీటర్ల టేపులను కూడ చదివి ఇదే తీగ ద్వారా పంపగల శక్తి ఉన్నది. అటువంటి కెమెరా ఒక్కటి దొరికితే ఒక వీధి అంతటి పని తీరుతుంది.

ఇంటిలో చేయలేనివారు దుకాణానికి ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు నాలుగు మాటలు గట్టిగా చెప్పాలి. ఖాళీగా ఉన్నదని తోచిన భాగాన్ని కూడ కత్తిరించవద్దు. పాటలు, అలంకారాలు చేర్చవద్దు. డి.వి.డి.తో పాటు కంప్యూటరు ఫైలును కూడ హార్డ్ డిస్కులోనో పెన్ డ్రైవులోనో ఇవ్వాలి. అసలు టేపును తప్పక తిరిగి ఇవ్వాలి. ముందుగా ఒక్క టేపును మాత్రమే ఇచ్చి, వచ్చిన ప్రతిని మొదటినుండి చివరివరకు చూచి, శబ్దం సరిగా ఉన్నదని తేల్చుకొన్న పిమ్మటనే తక్కినవి ఇవ్వడం వివేకం.

ఇక డి.వి.డి. సంగతి. ఇది 1996లో జపాను విపణిలోనికి వచ్చింది. మామూలు పళ్లెంలో 4.7 జి.బి. పడుతుంది, అంటే రమారమి రెండు గంటల దృశ్యం. పెద్దలకు ఇది సులువు. టెలివిజను కింద ఉన్న పెట్టెలో పెట్టి మీట నొక్కితే చాలు. కాని దానినే కడపటి గమ్యమని నమ్మరాదు. ఇంటిలో వ్రాసుకొనే పళ్లెంలో సమాచారం ఒక రంగు పొర మీద నిలుస్తుంది. ఎండకు, వేడికి ఆ పొర పాడవుతుంది. పైగా నేడు అమ్మే కంప్యూటర్లలో చాలావాటికి పళ్లెం పెట్టే అరయే లేదు. టేపుకు పట్టిన గతి పళ్లానికీ పట్టనారంభించింది.

ఇందుకు ఇంగ్లండులో జరిగిన ఒక ఉదంతం పాఠశాలవారందరూ తెలిసికొనదగినది. 1086లో అక్కడి రాజు విలియం తన రాజ్యంలో చాలా భాగపు భూములకు ఒక లెక్క వ్రాయించాడు. దానిని డూమ్స్‌డే గ్రంథం అంటారు. దానికి 900 సంవత్సరాలు నిండిన సందర్భంలో 1986లో బి.బి.సి. సంస్థ కొత్త డూమ్స్‌డేను రూపొందించింది. వేలాది పాఠశాలల బాలబాలికలు తమ ఊళ్ల విశేషాలను వ్రాసి, ఫోటోలు తీసి పంపారు. అవన్నీ లేసరు పళ్లాల మీదికి ఎక్కాయి. పదిహేను సంవత్సరాలు గడిచేసరికి ఆ పళ్లాలను చదివే యంత్రాలు దాదాపు కనుమరుగయ్యాయి. నిపుణులు ప్రయాసపడి 2002 ప్రాంతంలో దారి కనుగొన్నారు. 2011లో ఆ సమాచారాన్ని ఇంటర్నెట్‌లో పెట్టారు. తొమ్మిది శతాబ్దాల నాటి తోలు గ్రంథాన్ని మాత్రం ఇప్పటికీ చేత పట్టుకొని చదువవచ్చు. కొత్త వస్తువు గనుక చిరకాలం ఉంటుందని అనుకొనరాదన్నదే ఇందలి నీతి.

కనుక మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు వేరువేరు రకాల వస్తువుల మీద ఉండాలి. అందులో ఒకటి మరొక ఊరిలో ఉండాలి. ఒకటి ఇంటి కంప్యూటరులో, ఒకటి బయటి హార్డ్ డిస్కులో, ఒకటి పుణేలోనో హైదరాబాదులోనో ఉన్న కూతురి ఇంటిలో ఉంచవచ్చు. డి.వి.డి. చూడడానికి, బంధువులకు కానుకగా ఇవ్వడానికి ఉపయోగించాలి. ఏటా ఒక పండుగనాడు, ఉగాది గాని దసరా గాని, ఆ డిస్కులను తెరచి చూచే అలవాటు చేసికొనాలి. ఐదారేండ్లకొకసారి కొత్త డిస్కులోనికి మార్చుకొనాలి. నకలు అయినది గదా అని అసలు టేపును పారవేయరాదు. రేపు మెరుగైన యంత్రంతో మరింత స్పష్టంగా తీయవలసి రావచ్చు.

ఇంతవరకు చెప్పినది యంత్రం చేసే సగం. రెండవ సగం పేర్లు పెట్టడం. కంప్యూటరు తానుగా ఫైలుకు ఒక అంకె తగిలిస్తుంది. ఆ అంకెతోనే వదలివేస్తే ఇరువది ఏండ్లకు ఆ ఇంటి మనుమలు దానిని తెరచి ఎవరో పది మంది ఎవరి పెళ్లిలోనో తిరుగుతున్నారని మూసివేస్తారు. చెరిగిన టేపుకు, పేరు లేని టేపుకు వారి దృష్టిలో తేడా ఉండదు. అవ్వ ఎవరు, ఏ ఊరి నుండి కోడలిగా వచ్చినది, పక్కన నిలబడినవాడు ఏ వరుస, ఆ ఇల్లు ఏ గల్లీలోనిది, పాట ఎవరు నేర్పినది అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పగలవారు ఈ రోజున ఆ కుటుంబంలో ఒకరో ఇద్దరో ఉంటారు. వారి వయసు డెబ్బదికి పైమాటే. యంత్రం ఆలస్యమైతే ఎక్కడో ఒకటి వెతికి తేవచ్చు. ఆ పెద్దలు లేకపోయిన తరువాత వారి స్థానంలో ఎవరినీ తేలేము.

దీనికి పద్ధతి సులువే. దించిన దృశ్యాన్ని పెద్దల ముందు ఆడించాలి. పక్కన ఒకరు నోటు పుస్తకం పట్టుకొని కూర్చోవాలి. ఎన్నవ నిమిషంలో ఎవరు కనిపించారో, వారు ఏమి మాట్లాడారో, పెద్దలు చెప్పినది చెప్పినట్లుగా వ్రాయాలి. "పదునాలుగవ నిమిషం: ఎర్ర చీరలో ఉన్నామె పెద్దమేనత్త, చేతిలో ఉన్నది సద్దుల పళ్లెం" అన్నంత సూటిగా ఉంటే చాలు. వీలైతే పెద్దలు చెప్పుచున్నప్పుడు వారి మాటను కూడ చరవాణిలో రికార్డు చేయాలి. ఫైలు పేరులో సంవత్సరం, సందర్భం, స్థలం ఉండాలి. వ్రాసిన కాగితాన్ని ఫోటో తీసి దృశ్యంతో పాటు అదే చోట ఉంచాలి.

ఈ పనిలో పాఠశాలకు సహజమైన పాత్ర ఉన్నది. నోటు పుస్తకం పట్టుకొని కూర్చోవలసినవారు ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులే కావచ్చు. తెలుగు చదువుకొని ఏమి చేస్తారని అడిగే తల్లిదండ్రులు నేడు తక్కువ కాదు. ఆ ప్రశ్నకు ఇది ఒక సమాధానం. అవ్వ మాటను విని, అర్థం చేసికొని, తప్పు లేకుండా వ్రాయగల బిడ్డ ఆ ఇంటిలో తెలుగు చదివిన బిడ్డయే. ఆంగ్ల మాధ్యమంలో చదివే అన్నదమ్ముల పిల్లలు ఆ కాగితాన్ని తీసుకొని వచ్చి చదివిపెట్టమని అడిగే రోజు వస్తుంది. తరగతి గదిలో నేర్చిన గుణింతం ఒక వంశపు జ్ఞాపకాన్ని నిలబెట్టడానికి పనికివచ్చిందని ఆ విద్యార్థి తన కళ్లారా చూస్తాడు. కంప్యూటరు వృత్తిలో ఉన్న పూర్వ విద్యార్థులు పాత వి.సి.ఆర్. ఒకటి, క్యాప్చర్ పరికరం ఒకటి సమకూర్చగలిగితే పాఠశాల కంప్యూటరు గదియే సెలవుదినాలలో ఇందుకు కేంద్రం కాగలదు. పాఠశాల వార్షికోత్సవాల టేపులు కూడ ఏ పూర్వ విద్యార్థి తండ్రి తీసినవో, ఎవరి ఇంటిలో ఉన్నవో ఈ వెదకులాటలోనే బయటపడవచ్చు.

ఏ టేపును ముందు తీసికొనాలన్న సందేహం రావచ్చు. అందమైనది కాదు, మాటలు ఎక్కువగా ఉన్నది ముందు. పెళ్లి ఊరేగింపు కంటె పెరటిలో కూర్చొని బీడీలు చుట్టుతూ పాడినది ముందు. మరొక ఇంటిలో ప్రతి ఉన్న టేపు కంటె ఎక్కడా ప్రతి లేని టేపు ముందు. చెప్పగల పెద్దల ఆరోగ్యం క్షీణిస్తూ ఉన్నదైతే వారికి సంబంధించినది అన్నిటికంటె ముందు.

చివరిగా ఒక మర్యాద. పాత టేపులలో నేడు వేరువేరు దారులలో ఉన్న మనుషులు ఉంటారు. విడిపోయిన దంపతులు, కాలం చేసిన బిడ్డలు, నాడు ఇంటివారి మధ్య చనువుగా ఆడుకొన్న మాటలు ఉంటాయి. దొరికినదే తడవుగా నలుగురికీ పంపడం, ఇంటర్నెట్‌లో పెట్టడం తగదు. అందులో ఉన్నవారిని గాని వారి వారసులను గాని అడిగి, వారు ఒప్పుకొన్న భాగాన్ని మాత్రమే బయటికి తేవాలి. భద్రపరచడం వేరు, ప్రచారం చేయడం వేరు. మొదటిది కర్తవ్యం, రెండవదానికి అనుమతి కావాలి.

ఈ పాఠశాలను స్థాపించిన తరంవారు తమ మాట పిల్లలకు అందాలని గోడలు లేపారు, పలకలు కొన్నారు. వారి గొంతులలో కొన్ని ఇంకా అటకల మీద ఉన్నాయి. వాటిని వినే అవకాశం ఎల్లకాలం ఉండదు. సభ ముగించి ఇళ్లకు చేరిన పిమ్మట ప్రతి కుటుంబం ఒక్క పని చేయగలిగితే ఈ ప్రసంగం సార్థకం. అటక మీది టేపులు దించి లెక్కపెట్టి, ఒక కాగితం మీద వ్రాసి, ఇంటిలోని పెద్దవారి పక్కన కూర్చొని, "ఇందులో ఎవరున్నారు?" అని అడగండి. వారు చెప్పినది తెలుగులో వ్రాయండి.